నిండుకున్న చలువబండి

ఇప్పుడు చెప్పబోయే దాంట్లో ఆవగింజంత కల్పన కూడా లేదు. నా మీసం మీద ఒట్టు. ఆ బండికి కట్టిన ఎద్దులు ఎన్నిసార్లు తోక విసిరాయో అడిగినా తడుముకోకుండా చెబుతాను. కాబట్టి మధ్యలో ఎవరూ "నిజమేనా తాతా" అని అడ్డు తగలకండి. అడ్డు తగిలితే నాకు దగ్గు వస్తుంది. దగ్గు వస్తే భూతం మాటలు మీరే పలకాల్సి వస్తుంది.

సిరివాక నగరం సంగతి ఎరుగుదురు కదా. ఏడు ప్రాకారాలు, పద్నాలుగు బురుజులు, పచ్చలు తాపిన సింహద్వారం. వెండి జలతారు పోగులా ఊరిని చుట్టుకుని పారే చంద్రిక నది. ఆ నదిలో ఈదే చేపలు సైతం మేడల నీడలకు తల తగులుతుందేమోనని వంగి ఈదేవట. అంత అందమైన ఊరికి ఒక చీడ పట్టింది. ఆ చీడ పేరు పూతిగంధుడు.

వాడు ఏడు సముద్రాల అవతలి నుంచి వచ్చిన మాంత్రికుడు. వాడి బలం కత్తిలో లేదు, మంత్రదండంలో లేదు, కుళ్ళిన తిండిలో ఉంది. రాజ్యంలో ఎక్కడ ఒక ముద్ద పాచిపోయినా వాడి మీసం ఒక వెంట్రుకవాసి పెరిగేది. పెద్దవాళ్ళ ఇంట ఒక పెళ్ళి జరిగి విస్తళ్ళు సగం నిండుగా బయట పడ్డాయంటే ఆ రోజు వాడికి ఏనుగు బలం వచ్చేది.

ముసలి రాజు భీమకీర్తి దీనికొక చట్టం చేశాడు. తిండి పారేసినవాడికి పది కొరడా దెబ్బలు. జనం పారేయడం మానారా? మానలేదు, పాతిపెట్టడం నేర్చుకున్నారు. ప్రతి పెరట్లోనూ గొయ్యి, ప్రతి గోతిలోనూ గుట్టుగా కుళ్ళు. ఆ ఏడాదే పూతిగంధుడి మీసం రెండు మూరలు పెరిగింది.

కొడుకు సోమకీర్తి గద్దెనెక్కాక కొరడాలు అటకెక్కించి సింహద్వారం పక్కన ఒక రాతిశాసనం పాతించాడు. అందులో ఉన్నవి నాలుగు మాటలు. తిండి కుళ్ళకుండా కాపాడే ఉపాయం కనిపెట్టినవారికి పనిసాల కట్టించి, పదేళ్ళు మాన్యం ఇస్తారు. ఆ ఉపాయం కోసం పచ్చని చెట్టు కొట్టకూడదు, పొగ పెట్టకూడదు. ఏ కొత్త ఉపాయాన్నయినా అందరికన్నా ముందు వాడవలసింది రాజుగారి వంటసాలే. నాలుగోది, ఓడిపోయిన ప్రయత్నానికి శిక్ష లేదు.

రాజ్యాన్ని కదిలించింది ఆ నాలుగో మాటే. ఒకడు వంకాయల్ని తాడు కట్టి బావిలో వేలాడదీశాడు, కప్పలు కాపురం పెట్టాయి. ఒకావిడ అరటిగెలను ఊకలో పాతింది, అది కుళ్ళలేదు గానీ మొలకెత్తింది. ఇంకొకడు పెరుగును రాగి గొట్టంలో బిరడా వేసి బిగించాడు. మూడో రోజున అది పేలి ప్రధాన వంటవాడి తలపాగాను దూలానికి అంటించింది. రాజు ఆ మనిషికి శాలువా కప్పి, వంటవాడికి కొత్త తలపాగా ఇప్పించి, మరోసారి ప్రయత్నించమన్నాడు. పదిమంది ఓడాక పదకొండోవాడి ఉపాయం పారేది. అట్లా పారిన ఉపాయాలతో రెండేళ్ళలో మాంత్రికుడి మీసం జానెడు తరిగింది.

ఇక లాభం లేదని పూతిగంధుడు వేషం మార్చాడు. మీసం దాచడానికి గడ్డం పెంచి, విభూతి పూసి, ధూమాచార్యుడు అని పేరు పెట్టుకుని, సిరివాక కంసాలి వీధిలో పుట్టానని చెప్పి ఆస్థానంలో చేరాడు. మన భాష వాడికి నిఘంటువులోంచి వచ్చిందే గానీ నోళ్ళలోంచి రాలేదు. అందుకే పుస్తకం మాట్లాడినట్టు మాట్లాడేవాడు. జనం దాన్ని పాండిత్యం అనుకున్నారు. మన జనం సంగతి తెలిసిందే. వాడు రాజు చెవిలో ఒకటే పోరు: ఈ బొమ్మలాటలు మానండి, శాసనం చెరిపించండి, గుబురుకొండ అడవి నరికించి ఊరూరా పొగకొట్టాలు కట్టించండి. అడవి పోతే చలువ పోతుంది. చలువ పోతే రాజ్యమంతా కుళ్ళే. వాడికి కావలసిందీ అదే.

అప్పుడే గుబురుకొండ నుంచి నాంచారి అనే పడుచు వచ్చింది. వట్టివేళ్ళ తడికలు అల్లే ఇంటి పిల్ల. పండాక రెండు రోజులైనా నిలవని సీతాఫలాన్ని ఏడు రోజుల దారిన చెక్కుచెదరకుండా తెస్తానంది. ధూమాచార్యుడు నవ్వి, నిండు సభలో మెలిక పెట్టాడు. రాజు శాసనం రాతి మీద చెయ్యి వేసి మాట ఇవ్వక తప్పలేదు. ఏడో రోజు మధ్యాహ్నం లోపల నూరు పండ్లు బాగా ఉండి చేరితే గుబురుకొండ అడవి కొండవాళ్ళకే మాన్యం, ప్రతి బాటకూ చలువబండి. ఒక్కటి తగ్గినా, ఒక్కటి చెడినా, అడవికి గొడ్డళ్ళు. అంటే నాంచారి పుట్టిన కొండ, తనవాళ్ళ నీడా నీళ్ళూ, అన్నీ ఆ నూరు పండ్ల మీద ఆనుకుని ఉన్నాయి.

బండి చూడండి ఎంత చక్కనిదో. వెదురు పెట్టెకు నాలుగు వైపులా రెండు వరసల వట్టివేళ్ళ తడికలు. పైన ఒక బాన, దాని అడుగున సూదిమొన లాంటి చిల్లులు. ఆ చిల్లుల్లోంచి బొట్టుబొట్టుగా నీళ్ళు తడికల మీద జారుతుంటే, చక్రాలతో పాటు తిరిగే తాటాకు విసనకర్ర గాలి తోలుతుంది. లోపల ఆకుల గూళ్ళలో, కళ్ళు విచ్చుకున్నాక కోసిన సీతాఫలాలు మాఘమాసంలో పసిపిల్లల్లా ముడుచుకుని పడుకున్నాయి.

తోలేవాడు ఎంకన్న. ఎంకన్న అంటే ఎవరనుకున్నారు, రాజకుమారుడు ఉదయకేతుడు. ధూమాచార్యుడి మీద అనుమానంతో బుగ్గలకు బొగ్గు రాసుకుని బండివాడుగా చేరాడు. వాడికి ఎద్దులు తోలడం రాదు. ఎద్దులకు వచ్చు కాబట్టి బండి నడిచింది. "దయచేయండి" అని ఎద్దులను బతిమాలే బండివాణ్ణి నాంచారి ఎక్కడా చూడలేదు. అయినా పని చేస్తున్నాడు కదా అని ఊరుకుంది.

అయిదో రోజు ఎండ నడినెత్తికి వచ్చేసరికి బండి గొంతుకనుమ చేరింది. రెండు వైపులా పాము పడగల్లా వంగిన కొండలు. నడుమ ఒక బండి పట్టేంత దారి. ఆ దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని ఒక భూతం కూర్చుని ఉంది. తాటిచెట్టంత పొడుగు, గాదెంత పొట్ట, ముఖంలో కళ్ళకు చోటు లేకుండా పన్నెండు ముక్కు రంధ్రాలు.

దాని పేరు అటకయ్య. మూడు వందల ఏళ్ళు ఒక పెద్ద ఉమ్మడి ఇంటి అటక మీద కాపురమున్న భూతం. పూతిగంధుడు మంత్రంతో పట్టి తెచ్చి, చలువబండిని ఆపమని ఇక్కడ కూర్చోబెట్టాడు. దానికి రెండు విద్యలు. ఉఫ్ అని ఊదితే తిండి ఏదైనా అక్కడికక్కడే కుళ్ళిపోతుంది. ఎవరు అబద్ధమాడినా ఆ పన్నెండు రంధ్రాలూ వాసన పట్టేస్తాయి, పట్టగానే ఆడినవాణ్ణి మింగేస్తుంది. "ఇదిగో వచ్చేస్తున్నా" అని ఇంట్లోంచి కేక వేసిన ఒక గ్రామపెద్దను అట్లాగే మింగిందట. నేనైతే దాని ముందు దగ్గేవాణ్ణి కూడా కాదు.

నిజం చెబితే పండ్లు పోతాయి. అబద్ధం చెబితే బండితో పాటు మనుషులే పోతారు. ఉదయకేతుడు మొలలోని కత్తి మీదికి చెయ్యి పోనిచ్చాడు. నాంచారి ఆ చేతి మీద ఒక్కటి వేసి, కొంగుతో ముఖం తుడుచుకుని బండి దిగింది.

"బండిలో ఏముంది పిల్లా?" అంది అటకయ్య.

"ఏం చెప్పమంటావు తాతా," అని నాంచారి నుదురు కొట్టుకుంది. "పండ్లు నిండుకున్నాయి."

భూతం పన్నెండు రంధ్రాలతోనూ పీల్చింది. మంచి మాటకు మంచి వాసన. అబద్ధం జాడ లేదు. ఎట్లా ఉంటుంది? బండి నిండా పండ్లు నిండుకునే ఉన్నాయి మరి. పండ్ల వాసన మాత్రం తడిసిన వట్టివేళ్ళ పరిమళం కింద అణిగిపోయింది.

కానీ మన ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ మాట ఎట్లా వినిపిస్తుందో మీకు తెలుసు. డబ్బాలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, లక్ష్మి అలుగుతుందని నిండుకున్నాయంటాం. అటకయ్య మూడు వందల ఏళ్ళు అటక మీద పడుకుని కింద అత్తాకోడళ్ళ నోట విన్నది ఆ మాటే. దానికి గుండె కరిగింది.

"అయ్యో నా తల్లీ, ఇంత ఎండలో ఖాళీ బండి ఈడ్చుకుపోతున్నావా," అని కాళ్ళు ముడుచుకుంది. పైగా మొలలోంచి పిడికెడు పాతకందులు తీసి, పప్పు వండుకోమని ఆమె కొంగులో పోసింది.

బండి కనుమ దాటి మలుపు తిరిగేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. తరవాత ఉదయకేతుడు నవ్వీ నవ్వీ ఎద్దుల మధ్య పడబోయాడు.

అటకయ్య ఎగిరి వెళ్ళి ధూమాచార్యుడి ముందు వాలి, చేతులు కట్టుకుని, పండ్లు నిండుకున్నాయి స్వామీ అని విన్నవించింది. నిఘంటువు పండితుడు కదా, వాడికి వినిపించింది అసలు అర్థమే. నిండుకొన్నవియేని ఏల కుళ్ళింపక వచ్చితివని గర్జించాడు. నిండుకుంటే ఏం కుళ్ళించను స్వామీ అని భూతం అడిగింది. నిండుకొన్నవి కనుకనే కుళ్ళింపవలెనని వాడు. నిండుకున్నాక ఇంకేముంటుందని భూతం. అట్లా ఇద్దరూ గడియసేపు గింజుకున్నాక మాంత్రికుడికి ఒళ్ళు మండి, దండంతో భూతం నెత్తిన మొట్టి, తానే బయలుదేరాడు. అటకయ్యకు జీవితంలో ఎన్నడూ అంత అవమానం జరగలేదు. వెళ్ళి సింహద్వారం మీది అటకెక్కి, గోడవైపు తిరిగి అలిగి కూర్చుంది.

ఈ లోపల నా మీసం సంగతి. మీలో ఎవరో ఇందాకటి నుంచి నా ముఖం మీదే కళ్ళు పెట్టి చూస్తున్నారు. సరే, నాకు మీసం లేదు. ఏనాడూ లేదు. మా ఇంట ఎప్పుడూ అన్నం పారేయలేదు మరి, ఎట్లా పెరుగుతుంది? ఒట్టు పోయినా కథ పోలేదు, వినండి.

ఏడో రోజు పొద్దుటికి బండి ఉప్పుమైదానంలో ఉంది. కనుచూపు మేర తెల్లని నేల, చెట్టు లేదు, పిట్ట లేదు. ఉన్నట్టుండి ఆకాశం రాగిరంగుకు తిరిగింది. పూతిగంధుడు వడగాలి రూపంలో విరుచుకుపడ్డాడు. ఇసుక నిప్పురవ్వలై ఎగిరింది. ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడి లేచాయి. ఉదయకేతుడి బుగ్గల మీది బొగ్గు చెమటలో కారిపోయింది. బండిలో పండ్లు ఉడికిపోతాయని మాంత్రికుడు పైన చప్పట్లు చరిచాడు.

నాంచారి తడిక తీసి లోపల చెయ్యి పెట్టి చూసి పకాలున నవ్వింది. పండ్లు పొద్దుటికన్నా చల్లగా ఉన్నాయి. తడిసిన వట్టివేరుకు వడగాలి తగిలితే వేడి బయటే ఉండిపోతుంది, చలువే లోపలికి పోతుంది. గాలి ఎంత పొడిగా వీస్తే లోపల అంత చలువ. వాడు ఊదిన కొద్దీ బండిలో మాఘమాసం పుష్యమాసమైంది. కాసేపటికి మాంత్రికుడు కూడా ఆ సంగతి పసిగట్టాడు. కానీ వాడికి ఇంకో ఆశ ఉంది. గాలి తడికల్లోని నీళ్ళనూ తాగేస్తోంది. బాన ఎప్పుడో ఒకప్పుడు ఎండక తప్పదు, ఎండిన క్షణాన అదే గాలి పండ్లను కాల్చేస్తుంది.

వాడనుకున్నంతా అయింది. చంద్రిక నది ఇంకా అర కోసు దూరం ఉందనగా ఉదయకేతుడు బాన మూత ఎత్తి చూశాడు. అడుగున తడి తప్ప మరేమీ లేదు. ఎంత రాజకుమారుడైనా అంతఃపురంలో దాదుల చేతుల్లో పెరిగినవాడే కదా. గాలి హోరులో గొంతెత్తి అరిచాడు.

"నాంచారీ, బానలో నీళ్ళు నిండుకున్నాయి!"

పైనున్నవాడు విన్నాడు. రెండు గడియలుగా ఊపిరంతా పెట్టి ఊదుతుంటే నీళ్ళు ఇంకిపోకపోగా నిండుకున్నాయా? ఈ కొండపిల్ల గాలిలోంచే నీళ్ళు పిండుతోందని వాడి గుండె జారిపోయింది. ఇక ఊదితే పండ్లకు మేలు, తన ఊపిరికి చేటు అనుకుని, వడగాలి ఆపి, గద్దలా ఎగిరి నగరం వైపు పోయాడు. తడికల్లో మిగిలిన తడితోనే బండి నది చేరింది. ఎద్దులు తాగాయి, బాన నిండింది. ఈసారి నిజంగానే నిండింది. ఆ మాట మాత్రం ఇద్దరూ పైకి అనలేదు.

సింహద్వారం ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. శాసనం రాయి పక్కన నీటి తొట్టిలో గడియగిన్నె తేలుతోంది. అడుగున సన్నని చిల్లున్న రాగిగిన్నె అది. నీళ్ళు నిండి అది మునిగితే మధ్యాహ్నం అయినట్టు. ఇంకా వేలెడు మునగాల్సి ఉండగా చలువబండి వచ్చి ఆగింది. రాజు సోమకీర్తి స్వయంగా తడిక తీశాడు. ఒక్కొక్క పండునే చేతిలోకి తీసుకుని, నొక్కి చూసి, తిరిగి గూట్లో పెట్టాడు. తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది, నూరు. ఒక్కటీ నల్లబడలేదు. వంటసాల వాళ్ళు అప్పుడే గిన్నెలు పట్టుకుని వరస కట్టారు. చట్టం ప్రకారం మొదటి వాడకం వాళ్ళదే మరి.

ధూమాచార్యుడు గుంపును చీల్చుకుంటూ వచ్చాడు. బండి దారిలో మోసం జరిగిందని చెప్పడం వాడి ఎత్తు. గుబురుకొండ పండ్లు ఎప్పుడో కుళ్ళి ఉంటాయి, ఇవి ఊరి పొలిమేరలో కొత్తగా నింపినవి అనాలి. అన్నాడు కూడా, తన పుస్తకం భాషలో.

"మహారాజా, మోసపోవలదు. ఈ ఫలములు ఏడు దినముల నాటివి కావు. నిన్ననే, పొలిమేర తోటలో, ఈ బండియందు నిండుకొన్నవి."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నిన్ననే నిండుకుంటే ఈ ఎదురుగా ఉన్నవేమిటని ఒక ముసలమ్మ గట్టిగానే అడిగింది. నాంచారి కొంగు నోట్లో కుక్కుకుంది. రాజు మాత్రం నవ్వలేదు. ఆచార్యుణ్ణి పైనుంచి కింది దాకా చూసి, నెమ్మదిగా అడిగాడు.

"ఆచార్యా, మీరు కంసాలి వీధిలో పుట్టారు కదా. ఇంట్లో బియ్యం లేనప్పుడు మీ అమ్మగారు ఏమనేవారు?"

"ఏమనును? బియ్యము అయిపోయినది అనెడిది."

జనమంతా ఒక్కసారి వెనక్కి జరిగారు. ఆ మాట అనే తల్లి ఆ రాజ్యంలో ఏ ఇంటా లేదు. రాజు కత్తి దూసేలోపలే విభూతి రాలింది, గడ్డం ఊడింది, దాని కింద చుట్టలు చుట్టి దాచిన మీసం కొండచిలువలా విప్పుకుంది. పూతిగంధుడు ఒక్క గెంతులో మహా గద్దగా మారి, బండిని కాళ్ళతో పట్టి, కాడి తెంచి, ఆకాశంలోకి లేచాడు. ఎద్దులు నేల మీద మిగిలాయి. నాంచారి మిగలలేదు. తడిక అంచు రెండు చేతులతో పట్టుకుని బండితో పాటే లేచింది.

ఒక్క పండు జారింది. రాజు దోసిట్లో పడింది. పైన తొంభై తొమ్మిది, కింద ఒకటి. ద్రోహి దొరికిపోయినా, రాతి మీద చెయ్యి వేసి ఇచ్చిన మాట నూరు పండ్ల మాటే. గడియగిన్నె అంచుదాకా దిగింది.

రాజు పండును ఎడమ చేతిలోకి మార్చుకుని, వంగి, నీళ్ళలో చెయ్యి పెట్టి గిన్నె చిల్లుకు వేలు అడ్డం పెట్టాడు. గిన్నె ఆగింది.

"ఈ వేలు తీసేదాకా సిరివాకలో మధ్యాహ్నం కాదు," అన్నాడు.

ఉదయకేతుడు బుగ్గలు తుడుచుకుని తండ్రికి దండం పెట్టి, ద్వారం మీది అటకలో నెత్తిన బొప్పితో గోడవైపు తిరిగి కూర్చున్న భూతాన్ని చూసి, తాతా అని కేక వేశాడు. ఆనాడు నువ్వు ఖాళీ అనుకున్న బండి ఖాళీది కాదనీ, నిన్ను మోసం చేసింది మేమేననీ, కొట్టింది మాత్రం వాడేననీ ఉన్నదున్నట్టు ఒప్పుకున్నాడు. పన్నెండు రంధ్రాలు అటక అంచు మీదుగా వంగి వాసన చూశాయి. నిజం. అటకయ్య పైన వేలాడుతున్న నాంచారి కేసి ముక్కులెత్తి గొణిగింది, "అత్తగారి మాట అత్తగారి మీదే తిప్పావు కదే పిల్లా." అంటూనే కాలు కిందికి చాచింది. రాజకుమారుడు ఆ కాలు పట్టుకున్నాడు. రివ్వున ఇద్దరూ లేచారు. పైన మబ్బుల్లో నాంచారి ఒక చేత్తో వేలాడుతూ, రెండో చేత్తో కొంగులోని పాతకందులు తీసి గద్ద కళ్ళలోకి విసురుతోంది. రాజు వేలు చల్లబడుతోంది, తీయలేదు.

ఇక్కడ ఆపుతాను, నాకు గొంతు ఎండింది. పోయే ముందు ఒకటి ఒప్పుకోవాలి, లేకపోతే అటకయ్య నా వాసన పడుతుంది. ఇందులో నేను కల్పించింది ఉంది, ఒక్కటే. భూతానికి ముక్కు రంధ్రాలు పన్నెండు కావు. మా అమ్మ చెప్పినప్పుడు రెండే ఉండేవి, మిగతా పది నేను పెట్టాను. "నిండుకున్నాయి" అన్న మాట మాత్రం నాది కాదు. అనుమానముంటే ఇంటికి వెళ్ళి, బియ్యం డబ్బా అడుగు చేత్తో తడిమి, మీ ఇంట్లో ఆడవాళ్ళను అడిగి చూడండి, ఏమంటారో.